కొండ దారిన పరుగు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ నేను మీతో ముచ్చటించబోయే విషయం కొండదారుల్లో పరుగు. వినగానే బుగ్గలు నొక్కుకోకండి. "తెల్లవారి లేచింది మొదలు ఇంట్లో తీస్తున్న పరుగులు చాలవా, మళ్ళీ కొండల మీద కూడానా?" అని మీరు అనుకుంటారని నాకు తెలుసు. అయినా ఒక పదిహేను నిమిషాలు నా మాట వినండి. ఎందుకంటే మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మన పిల్లలు పరిగెత్తడం మొదలుపెట్టారు. వాళ్ళు ఎక్కడ, ఎట్లా పరిగెత్తుతున్నారో తల్లులకు తెలిసి ఉండాలి కదా!

మా గార్లదిన్నె పక్కగా హైదరాబాదు, బెంగుళూరు మధ్య పెద్ద రోడ్డు పోతుంది. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే ఆడపిల్లలూ మగపిల్లలూ చీకటితోనే లేచి ఆ రోడ్డు అంచున పరిగెత్తుతూ ఉంటారు. చక్కెర జబ్బు ఉంది, రోజూ నడవండి అని డాక్టరు చెప్పిన అక్కయ్యలు కొందరు కూడా అదే అంచున నడుస్తారు. పక్క నుంచి లారీ పోతే ఆ గాలికి కొంగు నిలవదు. ఇంతకంటె కాలువ గట్టు మేలు, గట్టు కంటె గుట్ట మీది మట్టిదారి మేలు. అయితే మట్టిదారికి లారీ భయం లేదు గాని, దాని భయాలు దానికి ఉన్నాయి. రోడ్డు మీద కిలోమీటరు రాయి చూసి దూరం చెప్పుకుంటాం. కొండ మీద ఆ లెక్క పనికిరాదు. అక్కడ చూసుకోవలసినవి ఎత్తు, ఎండ, నీళ్ళు, తోడు. ఈ నాలుగూ తెలిసిన ఇల్లాలు ఏ కొండదారికైనా ధైర్యంగా పోయి రావచ్చు.

కొండదారిన పరిగెత్తడాన్ని ఇప్పటివాళ్ళు ట్రెయిల్ రన్నింగ్ అంటున్నారు. పేరు కొత్తదే గాని పని పాతది. రైళ్ళూ బస్సులూ లేని కాలంలో ఉత్తరాల సంచి భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన కర్ర పట్టుకుని, అడవి దారుల్లో టపా మనిషి పరిగెత్తేవాడు. ఒక మజిలీ దాకా ఒకడు, అక్కడ నుంచి ఇంకొకడు. ఆ మజిలీనే అంచె అనేవారు. మనం ఇప్పటికీ "అంచెలంచెలుగా" అంటున్నామే, ఆ మాట అదే. ఇక కట్టెలకు పోయే ఆడవాళ్ళు, గొర్రెలు తోలుకుపోయే కాపరులు ఏ బళ్ళో నేర్చుకుని గుట్టలు ఎక్కారు?

మెక్సికో దేశంలో రారామురి అని ఒక కొండజాతి ఉంది. వాళ్ళలో లొరేనా రమిరేజ్ అనే అమ్మాయి 2017లో 50 కిలోమీటర్ల కొండ పరుగు పందెంలో ఆడవాళ్ళందరిలోకీ మొదటిది వచ్చింది. పట్టిన కాలం సుమారు ఏడు గంటలు. ఆమె వేసుకున్నది ఖరీదైన బూట్లు కాదు, వాళ్ళ ఊళ్ళో అందరూ వేసుకునే టైరు అట్ట చెప్పులు. కట్టుకున్నది మన లంగా వంటి పరికిణీ. చిన్నప్పటి నుంచి మేకలను తోలుకుని కొండలు తిరిగిన పిల్ల ఆమె. మన పల్లెల్లోనూ టైరు చెప్పులు తొడుక్కుని తిరిగినవాళ్ళు ఎందరు లేరు! ఈ విద్య మనకు పరాయిది కాదని చెప్పడానికే ఈ సంగతి చెప్పాను.

ముందు ఎత్తు చూడాలి

1892లో స్కాట్లండు దేశపు కొండలెక్కే పెద్దమనిషి విలియం నైస్మిత్ ఒక తేలిక లెక్క చెప్పాడు. మూడు మైళ్ళ దారికి ఒక గంట వేసుకో, ఎక్కవలసిన ప్రతి రెండు వేల అడుగుల ఎత్తుకూ ఇంకొక గంట కలుపుకో అన్నాడు. మన లెక్కలో చెప్పుకోవాలంటే కిలోమీటరుకు 12 నిమిషాలు, వంద అడుగుల ఎత్తుకు 3 నిమిషాలు. పప్పులో ఉప్పు కొలత కంటె కష్టం కాదు.

ఇది మనం ఎరిగిన దారులకే వేసి చూద్దాం. తిరుమల కొండకు కాలిబాటలు రెండు. అలిపిరి బాట దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు బాట 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. దూరం మాత్రమే చూసినవాళ్ళు "శ్రీవారి మెట్టు నాలుగో వంతు కూడా లేదు, చిటికెలో ఎక్కేస్తాం" అని బయలుదేరుతారు. మెట్టుకు అర అడుగు ఎత్తు అనుకుందాం. శ్రీవారి మెట్టులో దూరానికి 25 నిమిషాలు, సుమారు 1,200 అడుగుల ఎత్తుకు 36 నిమిషాలు. మొత్తం గంట. అలిపిరిలో దూరానికి గంటా 48 నిమిషాలు, మెట్ల ఎత్తుకు 53 నిమిషాలు. మొత్తం రెండు గంటల నలభై. అంటే అలిపిరిలో కిలోమీటరుకు 18 నిమిషాలు పడితే శ్రీవారి మెట్టులో 29 నిమిషాలు పడుతుంది. చిన్నదారే గట్టిదారి అన్నమాట. అలిపిరిలోనైనా సగానికి పైగా మెట్లు గాలి గోపురం లోపలే అయిపోతాయి. ఆ తరువాత చాలా దూరం చదునుగా పోయి, చివర్లో మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ నిలువుగా లేస్తుంది. మొదట్లోనే బలమంతా ఖర్చు పెట్టుకున్నవాళ్ళు అక్కడ కూలబడటం మనం చూస్తూనే ఉన్నాం.

ఈ లెక్క నిలకడగా నడిచే ఆరోగ్యవంతులకు చెప్పినది. అలవాటు లేనివారు దానికి సగం కలుపుకోవాలి. కూర్చుని సేదదీరే కాలం వేరు.

ఎక్కడం ఒక రకం, దిగడం ఒక రకం

కొండదారి పరుగు అంటే మొదటి నుంచి చివరి దాకా పరుగే అనుకోవద్దు. పందేలు గెలిచేవాళ్ళు కూడా నిలువు దారి వస్తే నడుస్తారు. చేతులు తొడల మీద ఆనించి, చిన్న చిన్న అడుగులు వేస్తూ ఎక్కుతారు. చదును వచ్చినప్పుడు, వాలు మెల్లగా ఉన్నప్పుడు పరిగెత్తుతారు. ఎక్కేటప్పుడు పని గుండెకూ ఊపిరితిత్తులకూ పడుతుంది. దీనికి పరికరం అక్కరలేదు. పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే పరుగు సరిగ్గా ఉన్నట్టు. రెండు మాటలకే రొప్పు వస్తే నడకలోకి దిగాలి.

"దిగడానికేముంది, దానంతట అదే వస్తుంది" అంటారు చాలామంది. అదే పొరపాటు. దిగేటప్పుడు ఒళ్ళు ముందుకు తూలిపోకుండా తొడ కండరాలు ప్రతి అడుగుకూ పగ్గం బిగబట్టినట్టు సాగుతూనే బిగుసుకుంటాయి. మోకాలి మీద బరువు ఎక్కేటప్పటికంటె దిగేటప్పుడే ఎక్కువ. కొండకు పోయివచ్చిన రెండో రోజున పీట మీద కూర్చుని లేవలేకపోవడం ఇందువల్లనే. కాబట్టి దిగేటప్పుడు అంగలు పొట్టిగా వేయాలి, మోకాలు కొంచెం వంచి ఉంచాలి, చూపు కాలి వేళ్ళ మీద కాక నాలుగైదు అడుగుల ముందు ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఎక్కేటప్పుడు నడిచిపోయి, దిగేటప్పుడు బస్సులో వచ్చినా సిగ్గుపడవలసిన పనిలేదు. తిరుమలలో ఆ సౌకర్యం ఉండనే ఉంది.

అంచెలంచెలుగా దారులు

మొదటి నెలంతా కాలువ గట్టు చాలు. మాకు పెనకచర్ల వైపు కాలువ గట్లున్నాయి, మీకు చెరువు కట్ట ఉంటుంది. ఐదు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు. వారానికి నాలుగు రోజులు అట్లా చేస్తూ నడక తగ్గించి పరుగు పెంచుకుంటూ పోవాలి. గట్టున నీళ్ళ వైపు కాక పొలం వైపు ఉండండి.

రెండో అంచె ఊరి గుట్ట. గుడి ఉన్న గుట్ట అయితే మరీ మంచిది, మెట్లో కాలిదారో ఉంటుంది, మనుషులు తిరుగుతూ ఉంటారు. అదే దారిన ఎక్కి అదే దారిన దిగాలి. అడ్డదారి కోసం బండల మీదికి పోకూడదు. మన గుట్టల మీద ఎండిన బోదగడ్డి అడుగు కింద నూనె పోసినట్టు జారుతుంది. వాన పడిన బండకు పాచి పడితే చెప్పనే అక్కరలేదు.

మూడో అంచెకు మా వైపు వారికి గుత్తి కొండ ఉంది. కొండ కొన సముద్రమట్టానికి 2,100 అడుగుల పైన ఉంటుంది. కింద ఊరి నుంచి ఎక్కవలసింది సుమారు వెయ్యి అడుగులు. మన లెక్క ప్రకారం ఎత్తుకే అరగంట, దారి పొడుగు వేరు. రాతి ద్వారాలు ఒకదాని తరువాత ఒకటి దాటుకుంటూ దారి పైకి పోతుంది. కొన అంచున మరాఠా నాయకుడు మురారిరావు కూర్చునేవాడని చెప్పే మండపం ఉంది. 1776 ప్రాంతంలో హైదరాలీ ఈ కోటను ముట్టడించి పట్టుకున్నాడు. ఆ కట్టినవాళ్ళ తెలివి చూడండి, కొండ మీద దండు నిలవాలంటే మొదట కావలసింది నీళ్ళని ఎరిగి బావులు తవ్వించారు, గుంటలు కట్టించారు. ఈనాడు ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు గనుక మన సీసా మనమే మోసుకుపోవాలి.

ఆ పైన మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర అక్కడ బంగళా కట్టుకున్నందువల్ల ఆ పేరు వచ్చింది. అంతకు ముందు నుంచీ దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల మధ్య పెరిగిన మల్లమ్మ అనే పిల్ల కొండవాళ్ళ రోగాలకు మందు ఇచ్చేదని కథ. ఎత్తు 1,265 మీటర్లు. మదనపల్లె 700 మీటర్ల దగ్గర ఉంది. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి వేడి ఇంచుమించు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన మదనపల్లె కంటె పైన మూడున్నర డిగ్రీలు చల్లన. బస్సులో పైకి పోయి, పైన చెట్ల నీడ దారుల్లో గాలిబండ దాకా మెల్లగా పరిగెత్తి రావడం కొత్తవారికి తగిన పని. అడవి లోపలి దారులకు మాత్రం అటవీ శాఖ వారిని అడగకుండా పోకూడదు.

మన కొండలంత ఎత్తుకు గాలి పలచబడుతుందని భయం లేదు. లడక్‌లోని లేహ్ పట్టణం 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ పందేలకు పోయేవారు ముందే చేరి, ఒళ్ళు ఆ గాలికి అలవాటు పడేదాకా కొన్ని రోజులు ఊరికే ఉండాలి.

ఎండ, నీళ్ళు

మన అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలు. మన బండలు మధ్యాహ్నమంతా మింగిన వేడిని సాయంత్రం కక్కుతాయి. అందువల్ల ఎండాకాలం సాయంత్రం చల్లబడిందనుకుని గుట్ట ఎక్కడం మంచిది కాదు. తెలతెలవారుతుండగా బయలుదేరి ఎనిమిది లోపల ఇంటికి చేరాలి. కార్తికం నుంచి మాఘం దాకా మంచి కాలం.

ఒక్కొక్కరు గంటకు అర లీటరు చొప్పున నీళ్ళు పట్టుకోండి, ఎండ ఉంటే ఇంకా ఎక్కువ. ఒక్కసారిగా కడుపునిండా తాగకుండా గుక్కెడు గుక్కెడు తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. వట్టి నీళ్ళే లీటర్ల కొద్దీ తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి అదొక ప్రమాదం. ఉప్పేసిన పలచని మజ్జిగ మన పెద్దల మందు. లేదా లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు సమానమైన టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపండి. విరేచనాలైన పిల్లలకు ఇచ్చే నీళ్ళే ఇవి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు సంగతి డాక్టరును అడగాలి. తినడానికి నాలుగు వేయించిన చెనిక్కాయలూ ఒక బెల్లం ముక్కా కొంగున కట్టుకుంటే చాలు.

తోడు వచ్చిన మనిషి తలనొప్పి, వాంతి అన్నా, మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా అది అలసట అనుకోవద్దు, వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, మెడకూ చంకలకూ ఒళ్ళంతటికీ నీళ్ళు చల్లి విసరాలి. తెలివి సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి.

తోడు, తిరుగు గంట

పెందలకడనే పొమ్మన్నాను గాని చీకటిలో పొమ్మనలేదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి, చిరుతలూ తిరుగుతాయి. అవి తిరిగేది చీకటి వేళ, సంధ్య వేళల్లో. దారి కంటికి స్పష్టంగా కనిపించే వెలుతురు వచ్చాకనే గుట్ట మొదలుపెట్టాలి. 2023 ఆగస్టులో అలిపిరి బాటలో ఒక ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తరువాత దేవస్థానం వారు పిల్లలను తీసుకుపోయే వేళలకు కట్టుబాట్లు పెట్టారు, నడిచేవారికి చేతికర్రలు ఇచ్చారు. నిత్యం వేలమంది నడిచే బాటలోనే అట్లా జరిగినప్పుడు ఊరి గుట్ట మీద ఒంటరిగా పోవడం ఎందుకు? ముగ్గురు కలిసి పొండి. ఒకరికి కాలు బెణికితే ఒకరు దగ్గర ఉంటారు, ఒకరు కబురు తెస్తారు. పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని పరిగెత్తుతారు, గుట్ట మీద ఆ అలవాటు మాన్పించండి. పాము బుస, తోటివారి కేక వినబడాలి కదా.

ఇంకొక మాట. ఇంట్లో నుంచి కదలకముందే తిరుగు గంట నిర్ణయించుకోవాలి. "ఏడుకు ఎక్కడున్నా వెనక్కి తిరుగుతాం" అని ఇంట్లో చెప్పి పోవాలి. కొన కంటి ముందు కనిపిస్తున్నా ఏడు కాగానే తిరగాలి. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2021 మే 22న చైనా దేశంలో గాన్సు అనే రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగు పందెం జరిగింది. పొద్దున బయలుదేరినవారు చాలామంది పలచని బట్టలతో ఉన్నారు. మధ్యాహ్నానికి కొండ మీద ఉన్నట్టుండి వడగళ్ళు, చలివాన, ఈదురుగాలి. 21 మంది చనిపోయారు. వాళ్ళలో దేశంలోనే పేరుపొందిన పరుగువీరులు ఉన్నారు. ఆ రోజు ఆ కొండ మీద గొర్రెలు మేపుకుంటున్న ఒక కాపరి, చలికి కొంకర్లుపోతున్న ఆరుగురిని తాను తలదాచుకునే గుహలోకి చేర్చి, నిప్పు రాజేసి బతికించాడు. మనకు అంత చలి లేదు గాని పిడుగులు ఉన్నాయి. ఉరుము వినబడితే గుట్ట కొనన, ఒంటిచెట్టు కింద నిలబడకుండా దిగిపోవాలి. కొత్త గుట్టకు పోయే ముందు అక్కడ గొర్రెలు మేపే అన్ననో అవ్వనో అడగండి. ఏ దారి జారుతుంది, ఏ పొదలో ఎలుగు తిరుగుతుంది, ఏ నెలలో ఏ వంక పారుతుంది, అన్నీ వాళ్ళ నోట ఉంటాయి. ఫోనులో దారి చూపే బొమ్మకు ఇవి తెలియవు.

బట్టలూ చెప్పులూ

కాలికి పట్టి ఉండేవి, అడుగున గాడులు ఉండేవి ఏవైనా పనికివస్తాయి. హవాయి చెప్పులు వద్దు, వాలులో కాలు జారి వేలు విరుగుతుంది. బూట్లు కొనేటట్టయితే ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి, దిగేటప్పుడు వేళ్ళు ముందుకు తన్నుకుని గోళ్ళు నల్లబడకుండా. పల్లేరు, తుమ్మ ముళ్ళకు పలచని అట్ట చాలదు. చీర కట్టి పరుగు కష్టం, చుడీదారు సుఖం. చున్నీ వదులుగా వేలాడకుండా నడుముకు బిగించాలి.

గుండెజబ్బు, రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగనిదే మొదలుపెట్టకూడదు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో చక్కెర ఉంచుకోవాలి, ఇంటికి రాగానే పాదాలు తిప్పి చూసుకోవాలి. ముల్లు గుచ్చినా వాళ్ళకు నొప్పి తెలియకపోవచ్చు.

ఇక చివరి కొండ ఉంది, అది మన గడప. "ఏమ్మే, ఆడపిల్ల గుట్టెక్కి పరిగెత్తేదేంది? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అనే అత్తగార్లు, అవ్వలు ఇంకా ఉన్నారు. వాళ్ళతో వాదం వద్దు. మొదటి వారం వాళ్ళను కూడా కాలువ గట్టు దాకా వెంటబెట్టుకుపొండి. నిజామాబాదు జిల్లా పాకాల అనే పల్లె నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, కూలిపని చేసుకునే తలిదండ్రుల బిడ్డ, మొదట భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్టు కొన మీద నిలబడింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు నిండలేదు. మన పిల్లలందరూ ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. పోలీసు పరుగు గెలిస్తే చాలు, పెళ్ళయ్యాక కూడా ఆ కాళ్ళను వంటింట్లో కట్టిపడేయకుండా ఉంటే చాలు.

పెద్దవాళ్ళకు ఒక మనవి. పొద్దుటి గంట ఇల్లాలికి దొరకాలంటే ఆ గంట పని ఇంకెవరో చేయాలి. పాలు కాచడం, పిల్లవాడికి తలదువ్వడం మగవారికి చేతకాని పనులేమీ కావు. వారానికి నాలుగు పొద్దులు అడగండి. ఇవ్వకపోతే మళ్ళీ అడగండి.

రేపు తెల్లవారేలోగా ఒక పని చేసి చూడండి. మీ ఊరి గుట్ట ఎన్ని అడుగుల ఎత్తో, మెట్లుంటే ఎన్ని మెట్లో తెలుసుకుని, కిలోమీటరుకు 12, వంద అడుగులకు 3 చొప్పున కాగితం మీద లెక్క వేయండి. ఎంతసేపట్లో పోయి రావచ్చో, ఎన్ని నీళ్ళు కావాలో, ఎన్ని గంటలకు లేవాలో ఆ కాగితమే చెబుతుంది. ఆ తరువాత పక్కింటి వదినను పిలవండి.